అక్షాంశం చెప్పే మాట, దాచే మాట

చీకటి గదిలో టార్చిలైటును నేల మీదికి నిట్టనిలువుగా వేస్తే చిన్నదైనా చిక్కని వెలుగు వృత్తం పడుతుంది. అదే టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే ఆ వెలుగే సాగి, పలచబడుతుంది. అక్షాంశం చేసే పని ప్రధానంగా ఇదే. పగలు, రాత్రి దాదాపు సమానంగా ఉండే విషువత్తు నాటి మధ్యాహ్నం 60 డిగ్రీల అక్షాంశం వద్ద సూర్యుడు క్షితిజం నుంచి 30 డిగ్రీల ఎత్తుకే చేరతాడు కనుక, భూమధ్యరేఖ వద్ద ఒక చదరపు మీటరు మీద పడే ఎండ అక్కడ రెండు చదరపు మీటర్ల మేర పరుచుకుంటుంది. భూమి అక్షం 23.4 డిగ్రీలు ఒరిగి ఉండటం వల్ల ఈ కోణం ఏడాది పొడవునా మారుతూ ఋతువులను తెస్తుంది. సూర్యుడు దగ్గరైతే ఎండాకాలం వస్తుందనే అపోహ చదువుకున్నవారిలోనూ ఉంది గానీ, భూమి సూర్యుడికి అత్యంత చేరువయ్యేది జనవరి మొదటి వారంలో, ఉత్తరార్ధగోళం చలికి వణికే రోజుల్లోనే.

ప్రయాణికుడికి ఈ తేడా ఉష్ణోగ్రత కంటే ముందు సాయంసంధ్యలో తెలుస్తుంది. భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ పైన ఉన్న సింగపూర్‌లో సూర్యుడు దాదాపు నిలువుగా కిందికి జారిపోతాడు. అస్తమయమైన 20 నిమిషాలకే ఆరుబయట పుస్తకం చదవడం కష్టమవుతుంది. అక్కడ పగటి నిడివి ఏడాది మొత్తంలో 10 నిమిషాలు కూడా మారదు, కాబట్టి వేసవిలో వెళ్లాలా, చలికాలంలో వెళ్లాలా అన్న ప్రశ్నకు అర్థం లేదు. వానలు ఎప్పుడు ఎక్కువో అడగాలి. నార్వేలోని ట్రోమ్సోలో, సుమారు 70 డిగ్రీల ఉత్తరాన, నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు. అయినా అది కాటుక చీకటి కాదు: మధ్యాహ్నం కొన్ని గంటలపాటు మంచు మీద నీలిరంగు మసక వెలుతురు పరుచుకుంటుంది. జూన్‌లో సూర్యుడు అస్తమించడు. నిద్ర పట్టాలంటే కిటికీలకు మందపాటి తెరలు వేసుకోవలసిందే.

ఇంత ఉత్తరాన ఉన్నా ట్రోమ్సో రేవు చలికాలంలో గడ్డకట్టదు, ఎందుకంటే అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం ఆ తీరాన్ని కాపాడుతుంది. ఈక్వడార్ రాజధాని క్విటో కథ దీనికి తలకిందులు. దాదాపు భూమధ్యరేఖ మీదే ఉన్నా, 2,850 మీటర్ల ఎత్తు వల్ల అక్కడ సాయంత్రానికి స్వెట్టరు కావాలి. అయితే ఆ ఎత్తు గాలిని చల్లబరుస్తుందే గానీ సూర్యుడి కోణాన్ని మార్చదు. మార్చి నెలాఖరు మధ్యాహ్నం మనిషి నీడ అతని పాదాల కిందే ముడుచుకుంటుంది. పలుచని గాలిలో అతినీలలోహిత కిరణాలు మరింతగా దిగివస్తాయి కనుక, చల్లగా ఉందని టోపీ లేకుండా తిరిగినవారి ముఖం సాయంత్రానికి కందిపోతుంది.