రాతిలో ఎముక: శిలాజాల గురించి నన్ను అడిగేవి, నేను చెప్పేవి

రాళ్లలోంచి ఎముకలు బయటికి తీయడం నా పని. తవ్వకాల నుంచి ప్లాస్టర్ కట్టుతో వచ్చిన బండను బల్ల మీద పెట్టుకుంటాను. ముందు గాలితో కొట్టుకునే చిన్న ఉలి, ఎముక దగ్గర పడ్డాక సూది, మెత్తటి బ్రష్. అరచేయంత ఎముక తేలడానికి ఒక్కోసారి నెల పడుతుంది. ఈ పనిలో ఉన్నానని తెలియగానే జనం అడిగే ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు ఒకటే. 'పురావస్తు శాఖా మీది?' అన్నది మొదటిది. కాదు. కుండలు, కోటలు, నాణేలు, మనుషులు వదిలివెళ్లినవి వాళ్లవి. మావి ప్రాణుల అవశేషాలు, వాటిలో అత్యధికం మనిషి పుట్టకముందువి. ఇక మిగతావి చూద్దాం.

అపోహ: శిలాజం అంటే పూర్తిగా రాయైపోయిన ఎముక

ఇది సగమే నిజం. ఎముక పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ లోపలంతా సన్నని రంధ్రాలు, రక్తనాళాలు వెళ్లే గొట్టాలు. మట్టిలో కూరుకుపోయిన ఎముకలోకి భూగర్భజలం ఊరుతుంది. ఆ నీళ్లలో కరిగి ఉన్న సిలికా, కాల్సైట్, ఇనుప ఖనిజాలు ఆ ఖాళీల్లో పేరుకుంటాయి. ఎముకకు స్వతహాగా ఉండే ఖనిజం అపటైట్ మాత్రం చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది. నీళ్లలోంచి ఫ్లోరిన్ లాంటివి పట్టుకుని కాస్త మారుతుంది, అంతే. కాబట్టి చాలాసార్లు నా బల్ల మీద ఉన్నది రంధ్రాలు పూడిన ఎముకే.

దీనివల్ల పెద్ద లాభం ఉంది. ఆ ఎముకను వెలుగు దూరేంత పల్చగా కోసి, అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే నాళాల గొట్టాలు కనిపిస్తాయి. చెట్టు మొదలు నరికితే కనిపించినట్టు పెరుగుదల వలయాలూ కనిపిస్తాయి. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న 'సూ' అనే టైరనోసారస్ డైనోసార్ 30 ఏళ్లకు అటూఇటూగా చనిపోయిందన్న అంచనా అలాంటి వలయాలను లెక్కపెట్టి వేసిందే.

అన్ని శిలాజాలూ ఇలా తయారవ్వవు. నత్తగుల్ల మొత్తం కరిగిపోయి రాతిలో దాని అచ్చు మాత్రమే మిగలొచ్చు. ఆకు రాతిపొరల మధ్య నలిగి నల్లటి కార్బన్ మరకగా మిగలొచ్చు. పురుగు చెట్టు జిగురులో చిక్కి, ఆ జిగురు గట్టిపడి ఆంబర్ అయితే కాళ్ల మీది నూగు కూడా దక్కుతుంది. ఏ దారిన తయారైందో తెలియకుండా ఒక శిలాజాన్ని ఏం అడగాలో కూడా తెలియదు. అచ్చు దగ్గరికి వెళ్లి కణాల సంగతి అడిగితే అది ఏం చెబుతుంది?

అపోహ: లక్షల ఏళ్లు నేలలో ఉంటే ఏదైనా శిలాజమైపోతుంది

ఇది పూర్తిగా తలకిందుల మాట. చాలామటుకు అసలు సంగతి ప్రాణి చచ్చిన తొలి రోజుల్లోనే తేలిపోతుంది. ఒక జంతువు బయట చచ్చి పడిందనుకోండి. మాంసం పీక్కుతినేవి వస్తాయి, పురుగులు పడతాయి, ఎముకలు తలోదిక్కుకు పోతాయి. మిగిలినవి ఎండకు, వానకు పగిలి కొన్నేళ్లలో పొడి అవుతాయి. ఆ తర్వాత కోటి ఏళ్లు గడిచినా అక్కడ శిలాజమయ్యేందుకు ఏమీ ఉండదు. అదే జంతువు వరద ఒండ్రు కిందో, అగ్నిపర్వతం బూడిద కిందో, ఆక్సిజన్ అందని సరస్సు అడుగునో పడితే దానికి అవకాశం దొరికినట్టే.

ఎంత త్వరగా అంటే, బ్రెజిల్‌లోని సంటానా రాళ్లలో దొరికే చేపల్లో కండరాల పోగులు, మొప్పలు ఫాస్ఫేట్‌గా మారి మిగిలాయి. మైక్రోస్కోప్‌లో ఆ పోగుల అడ్డచారలు కూడా కనిపిస్తాయి. చచ్చిన చేప ఎంతసేపు తాజాగా ఉంటుందో అందరికీ తెలిసిందే. కండ కుళ్లకముందే ఖనిజం పట్టేసిందంటే ఆ పని గంటల్లో, మహా అయితే రోజుల్లో మొదలైపోయి ఉండాలి. లక్షల ఏళ్లు పట్టేది ఆ తర్వాతి తతంగం: మీద పొరలు పేరుకోవడం, మట్టి రాయవడం, ఆ రాయి మళ్లీ పైకి లేచి కోసుకుపోయి మన కంట పడటం.

ఇందులోనే ఒక చిక్కుంది. ఒండ్రు పేరుకునే చోట్ల, అంటే నదుల పక్కన, సరస్సుల్లో, సముద్రంలో బతికినవే మనకు ఎక్కువగా దొరుకుతాయి. కొండల మీద బతికినవి, ఒళ్లంతా మెత్తగా ఉండేవి దాదాపు దొరకవు. కాబట్టి 'శిలాజం లేదు కనక ప్రాణీ లేదు' అనడానికి లేదు. సీలకాంత్ చేపనే చూడండి. దాని శిలాజాలు 6.6 కోట్ల ఏళ్ల దగ్గర ఆగిపోయాయి, డైనోసార్లతో పాటే పోయిందని అందరూ లెక్కగట్టేశారు. 1938లో దక్షిణాఫ్రికా తీరంలో ఒకటి వలలో పడింది.

అపోహ: డైనోసార్ల వయసు కార్బన్ డేటింగ్‌తో చెబుతారు

చెప్పలేరు. కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. 50 వేల ఏళ్లు దాటాక కొలవడానికి ఏమీ మిగలదు. కోట్ల ఏళ్ల వ్యవహారంలో చాలావరకు ఎముక జోలికే పోం, దాని పైనా కిందా ఉన్న అగ్నిపర్వతపు బూడిద పొరలను పట్టుకుంటాం. ఆ బూడిదలో జిర్కాన్ అనే స్ఫటికాలు ఉంటాయి. జిర్కాన్ తయారయ్యేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. అంటే లోపల ఇప్పుడున్న సీసం దాదాపు అంతా యురేనియం విచ్ఛిన్నమై వచ్చిందే. ఆ రెండింటి నిష్పత్తే గడియారం. కింది పొర వయసు, పై పొర వయసు తెలిస్తే మధ్యలో ఎముక ఎక్కడికి పోతుంది!

అపోహ: రాయి మీద ఆకులా ఉంటే ఆకే, గుండ్రంగా ఉంటే గుడ్డే

వారానికి ఒకరైనా ఫోన్‌లో ఫొటో పంపిస్తారు. పలకరాయి మీద నల్లగా, కొమ్మలు కొమ్మలుగా, అచ్చం ఫెర్న్ ఆకు. అందంగా ఉంటుంది కూడా. చాలాసార్లు అది మొక్కే కాదు. రాతి పగుళ్లలోకి దిగిన నీళ్లు వదిలిన మాంగనీస్ ఆక్సైడ్, అలా చెట్టులా పాకుతుంది. పట్టుకోవడం సులువే. భూతద్దం పెట్టి నడిమి ఈనె కోసం చూడండి. నిజమైన ఆకులో ఈనె మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడుతుంది, పక్క ఈనెలు ఒక వరసలో వస్తాయి. మాంగనీస్ కొమ్మలకు ఆ క్రమం ఉండదు, ఎటు దారి దొరికితే అటు పోతాయి. పైగా అవి పగులు అంచు నుంచి లోపలికి పెరిగినట్టు కనిపిస్తాయి.

గుడ్ల సంగతీ ఇంతే. ఇసుకరాతిలో, షేల్ అనే పొరలు పొరల మట్టిరాతిలో ఖనిజాలు ఒక కేంద్రం చుట్టూ పేరుకుని గుండ్రటి గడ్డలు కడతాయి. పగలగొడితే లోపలా బయటా ఒకే రాయి. డైనోసార్ గుడ్డుకైతే కొన్ని మిల్లీమీటర్ల లోపు మందాన పెంకు వేరుగా తెలుస్తుంది, ఆ పెంకు మీద గాలి ఆడే సూదిమొన రంధ్రాలుంటాయి. ఇక ఎముకో రాయో తేల్చుకోలేకపోతే ఫీల్డ్‌లో కొందరు నాలుకకు ఆనిస్తారు. రంధ్రాలు పూర్తిగా పూడని ఎముక అతుక్కుంటుంది, మామూలు రాయి సాధారణంగా అతుక్కోదు. నేనూ చేశాను. చేయమని మాత్రం చెప్పను.

అపోహ: ఎముక దొరికితే కథ దొరికినట్టే

నా దృష్టిలో అన్నిటికంటే నష్టం చేసే అపోహ ఇదే. 1923లో మంగోలియా ఎడారిలో అమెరికా బృందానికి ఒక గూడు, గుడ్లు, వాటి మీద ఒక కొత్త డైనోసార్ పుర్రె దొరికాయి. ఆ చుట్టుపక్కల ప్రోటోసెరటాప్స్ అనే ఇంకో డైనోసార్ ఎముకలు విపరీతంగా దొరికేవి. కాబట్టి గుడ్లు దానివే అనుకున్నారు. మరి మీద ఉన్నది? దొంగతనానికి వచ్చి ఉంటుంది! 1924లో దానికి ఓవిరాప్టర్, అంటే గుడ్ల దొంగ, అని పేరు పెట్టేశారు. 70 ఏళ్లు ఆ నింద మోసింది. 1990లలో అదే గోబీ ఎడారిలో అదే రకం గుడ్డు లోపల ఓవిరాప్టర్ కుటుంబానికి చెందిన పిండం కనిపించింది. ఆ వెంటనే ఇంకో అస్థిపంజరం: చేతులు రెండు వైపులా చాపి, గుడ్ల మీద పొదుగుతున్న కోడిలా కూర్చున్నది. దొంగ అనుకున్న కుటుంబం పొదిగే కుటుంబం అని తేలింది. పేరు మాత్రం మారలేదు, నామకరణ నియమాలు అలాంటివి.

అసలైన దొంగ గుజరాత్‌లో దొరికింది. 1980లలో అక్కడి డైనోసార్ గూడులోంచి గుడ్లు, చిన్న ఎముకలు ఉన్న బండ ఒకటి బయటపడింది. ఎముకలన్నీ పిల్ల డైనోసార్‌వే అనుకున్నారు. 2001లో మళ్లీ పరిశీలించినప్పుడు కొన్ని వెన్నుపూసలు పామువని గుర్తుపట్టారు. పాము వెన్నుపూసలకు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే అదనపు కీళ్లుంటాయి, తెలిసిన కంటికి అవి ఇట్టే దొరుకుతాయి. మూడున్నర మీటర్ల పాము, పగిలిన గుడ్డును చుట్టుకుని ఉంది. పక్కనే అర మీటరు పిల్ల. గూడు దగ్గర కాచుకుని ఉండగానే అన్నిటినీ కలిపి బురదో ఇసుకో కప్పేసింది. 2010లో దానికి సనాజే ఇండికస్ అని పేరు పెట్టారు, వయసు సుమారు 6.7 కోట్ల ఏళ్లు.

ఇప్పుడు ఎవరో సరదాపడి ఆ బండలోంచి గుడ్డును మాత్రం పెకలించుకుని పోయి ఉంటే? గుడ్డు ఒక షోకేసులో, వెన్నుపూసలు ఇంకెక్కడో. విందు సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఎక్కడైనా శిలాజంలా ఏదైనా కనిపిస్తే పీకొద్దని బతిమాలతాను. పక్కన పెన్నో నాణెమో పెట్టి ఫొటో తీయండి, చుట్టూ రాతిపొర కూడా పడేలా ఇంకొకటి తీయండి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి. ఆ తర్వాత భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లకు చూపించండి.

అపోహ: ఆంబర్‌లోని దోమ నుంచి డైనోసార్ డీఎన్ఏ తీయొచ్చు

సినిమాల పుణ్యం. డీఎన్ఏ తొందరగా ముక్కలైపోతుంది, చలిలో కాస్త ఎక్కువ నిలుస్తుంది. గ్రీన్‌ల్యాండ్ గడ్డకట్టిన మట్టిలోంచి 2022లో ప్రకటించిన డీఎన్ఏ వయసు సుమారు 20 లక్షల ఏళ్లు. పక్షుల్ని వదిలేస్తే చివరి డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్లు.

అపోహ: బొమ్మల్లో వేసే రంగులన్నీ ఊహలే

నిన్నమొన్నటి దాకా నిజమే. ఇప్పుడు కొన్నిటికి కాదు. ఈకల్లో రంగునిచ్చే మెలనోజోమ్‌లు అనే సూక్ష్మ సంచులు కొన్ని శిలాజాల్లో మిగిలాయి. గుండ్రంగా ఉంటే ఎరుపు-గోధుమ ఛాయ, పొడుగ్గా ఉంటే నలుపు. చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ తోకకు ఎర్రటి-తెల్లటి పట్టీలు ఉండేవని 2010లో అలాగే తేల్చారు. మ్యూజియం గోడ మీది ఆకుపచ్చ టైరనోసారస్‌ను మాత్రం ఇప్పటికీ నమ్మకండి.

అపోహ: శిలాజాలు అదృష్టం కొద్దీ దొరుకుతాయి

అదృష్టం కావాలి, కానీ ఎక్కడ వెతకాలో ముందు తెలియాలి. అప్పటికి బాగా తెలిసిన నాలుగు కాళ్ల తొలి జంతువులు సుమారు 36.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో ఉన్నాయి. వాటికి దగ్గరి చేపలు అంతకంటే ఒకటిన్నర కోట్ల ఏళ్ల పాత రాళ్లలో ఉన్నాయి. మధ్య వయసు రాళ్లు, అదీ పాత నదులు వదిలిన రాళ్లు, ఎక్కడ బయటపడి ఉన్నాయో మ్యాపులు చూసి అమెరికా శాస్త్రవేత్త నీల్ షూబిన్ బృందం కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవికి వెళ్లింది. అక్కడ కొన్ని వేసవులు ఖాళీ చేతులే. 2004లో టిక్టాలిక్ దొరికింది: ఒంటికి పొలుసులు, రెక్కలో మణికట్టు ఎముకలు, మెడ తిప్పగల చేప.

ఇంకొన్ని ఆవిష్కరణలు తవ్వకంలో జరగవు, స్టోర్‌రూమ్‌లో జరుగుతాయి. భారతీయ భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు కశ్మీర్‌లో సేకరించిన రాళ్లలో చిన్న దవడ ముక్కలు, పళ్లు దొరికాయి. 1971లో ఆ జంతువుకు ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. మిగతా రాళ్లు తెరవకుండానే ఆయన పోయారు. భార్య ఆ రాళ్లను భద్రంగా ఉంచి, తిమింగలాల మూలాలు వెతుకుతున్న హాన్స్ థెవిస్సెన్‌కు ఇచ్చారు. ఆయన ల్యాబ్‌లో ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా టెక్నీషియన్ చేతిలో పొరపాటున చెవి దగ్గర ముక్క విరిగింది. మా పనిలో ఆ చప్పుడు వింటే గుండె జారిపోతుంది. విరిగిన చోట చూస్తే చెవి ఎముక లోపలి గోడ విపరీతమైన మందం. అప్పటిదాకా ఆ మందం తిమింగలాల్లో, వాటి పూర్వీకుల్లో తప్ప ఎక్కడా చూడలేదు. ఇది పిల్లి కంటే కాస్త పెద్ద, సన్నని కాళ్ల, గిట్టల జంతువు. కాళ్ల ఎముకలు కోసి చూస్తే బయటి పొర నీటిగుర్రానికి ఉన్నంత దిట్టంగా ఉంది, నీళ్లలో తేలిపోకుండా ఆపే బరువు అది.