పట్టుపురుగు ఒంట్లో నిప్పురవ్వలు

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. సెలవుల్లో హిందూపురం దగ్గర మీ మేనమామ షెడ్డులో పట్టుపురుగులను చూశారట. మధ్యాహ్నానికి అవి ఆకు తినడం మానేసి, తలలు పైకెత్తి, కదలకుండా పడున్నాయట. మరునాటికి కొన్ని చచ్చిపోయాయట. "ఆకు ఉంది, గాలి ఉంది, పైన కప్పు ఉంది. మరి ఎందుకు చచ్చిపోయాయి తాతా?" అని అడిగారు. ఎండకు అని మామయ్య చెప్పింది నిజమే. కానీ పురుగు నీడలోనే ఉంది కదా, నీడలో ఉన్నదాన్ని ఎండ ఎలా చంపింది? మీకు తట్టిన సందేహం అది. మంచి సందేహం.

వేడి చేసే చెరుపు ఒక రకం కాదు. ఒంట్లో నీరు తగ్గుతుంది, మాంసకృత్తులు చెడతాయి, రోగాలు పైబడతాయి. వాటిలో కంటికి కనబడని ఒక్కదాని గురించే ఇప్పుడు రాస్తాను.

ముందు పురుగు ఎదుగుదల లెక్క చూడండి. గుడ్డులోంచి బయటపడ్డ రోజు అది చీమంత. బరువు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. నాలుగు జ్వరాలు లేచి, అయిదో దశ చివరికి వచ్చేసరికి నాలుగైదు గ్రాములు తూగుతుంది. అంటే సుమారు 10,000 రెట్లు, అదీ పాతిక రోజుల్లో! జ్వరం అంటే మన జ్వరం కాదని మామయ్య చెప్పే ఉంటాడు. మేత మానేసి, ఒక రోజు కదలకుండా కూర్చుని, పాత చర్మం వదిలేయడాన్ని రైతులు అలా అంటారు. పురుగు బతుకంతటిలో తినే ఆకులో నూటికి 80 పాళ్ల పైనే ఆఖరి ఏడెనిమిది రోజుల్లో తింటుంది. ఆ రోజుల్లో షెడ్డులో నిలబడితే వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ ఆకంతా పట్టు గ్రంథిగా, ఒళ్లుగా మారాలంటే లోపల బ్రహ్మాండమైన వంట జరగాలి.

వంట అన్నాను కాబట్టి పల్లెలో పెళ్లి వంట తలుచుకోండి. ఇంటి పొయ్యి చాలదని పెరట్లో గాడిపొయ్యి తవ్వుతారు. దాని మీద వరసగా గుండిగలు, కింద కట్టెలు, పక్కనే కొబ్బరాకుల పందిరి. పొయ్యి ఎంత బాగా మండితే రవ్వలు అంత ఎగురుతాయి. రవ్వలకు భయపడి పొయ్యి ఆర్పేస్తే వెయ్యిమందికి అన్నం ఉండదు. అందుకని తెలిసినవాళ్లు పొయ్యి మండనిస్తూనే రవ్వలకు కాపలా పెడతారు.

పురుగు ఒంట్లో ప్రతి కణంలోనూ ఇలాంటి గాడిపొయ్యి ఉంది. దాన్ని మైటోకాండ్రియా అంటారు. కట్టె ఆకులోని చక్కెర, గాలి ఆక్సిజన్. ఆక్సిజన్ పని ముగిసేసరికి నీరుగా మారాలి. దాదాపు అంతా అలాగే మారుతుంది. కొంచెం మాత్రం మధ్యలో, సగం మారిన రూపంలో తప్పించుకుంటుంది. దానికి సూపర్ ఆక్సైడ్ అని పేరు. అదే మన రవ్వ. దగ్గరున్న కొవ్వునో, మాంసకృత్తునో, జన్యుపదార్థాన్నో అంటుకుని చెడగొట్టే గుణం ఈ జాతి రవ్వలకు ఉంది.

కాపలావాళ్లలో మొదటివాడు తడి గోనెపట్టా పట్టుకుని పందిరి కింద నిలబడి, ఎగిరే రవ్వను పట్టి కింద పడేస్తాడు. ఇతని పేరు సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. పేరు నోరు తిరక్కపోతే బెంగపడకండి, వాడు చేసే పని గుర్తుంటే చాలు. కింద పడ్డ రవ్వ ఎగరదు గానీ ఆరిపోనూ లేదు, నివురుగప్పి ఉంటుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్. అప్పుడు రెండో మనిషి, కేటలేజ్, బిందెతో వచ్చి దాన్ని పూర్తిగా ఆర్పేస్తుంది. మిగిలేది నీళ్లు, ఆక్సిజన్. రెండో మనిషి ఆలస్యం చేసిందనుకోండి, ఆ నివురు నిప్పు పక్కన ఎండుగడ్డి ఉందనుకోండి, భగ్గుమంటుంది. కణంలో ఆ ఎండుగడ్డి ఇనుము. విడిగా తిరిగే ఇనుము తగిలితే పెరాక్సైడ్ హైడ్రాక్సిల్ అనే మహా చెడ్డ రవ్వగా మారుతుంది. దాన్ని ఆపే కాపలాదారు ఎవరూ లేరు. అందుకే పురుగు తన ఇనుమును ఫెర్రిటిన్ అనే మాంసకృత్తు లోపల దాచి తాళం వేసుకుంటుంది.

అన్ని రవ్వలూ శత్రువులేనని మాత్రం అనుకోకండి. పందిట్లోకి కుక్క దూరితే పొయ్యిలోంచి కొరివి లాగి అదిలిస్తారు కదా? పురుగు కూడా తన పేగులో కావాలనే ఇలాంటి రవ్వలు పుట్టించి, ఆకుతోపాటు లోపలికి వచ్చిన క్రిములను చంపుతుంది. పని అయ్యాక కాపలావాళ్లు వచ్చి మిగిలింది ఆర్పాలి. రవ్వలు పుట్టడమూ ఆరడమూ సరితూగినంత కాలం పురుగుకు ఏమీ కాదు. పుట్టేవి ఎక్కువై, ఆర్పేవాళ్లు చాలకపోతే వచ్చే స్థితినే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. పురుగుకు మనలా స్థిరమైన ఒంటి వేడి లేదు. షెడ్డు ఎంత వేడో పురుగూ ఇంచుమించు అంతే. అయిదో దశ పురుగుకు కావలసింది 24, 25 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యాహ్నం షెడ్డు 36కు చేరితే ప్రతి కణంలో పొయ్యి దానంతటదే ఎగదోసుకుంటుంది, రవ్వలు పెరుగుతాయి. మొదట కాపలావాళ్లూ పెరుగుతారు. ఈ కాపలావాళ్లనే ఎంజైములు అంటారు; వేడి తగిలిన పురుగుల్లో వీటి పని హెచ్చుతుంది. కానీ ఆ వేడికి పురుగు మేత మానేసింది, చూశారుగా? కొత్త కాపలావాళ్లను తయారు చేసుకోవడానికి సరుకు ఆకులోంచే రావాలి. మొదటి కాపలాదారుకు రాగి, జింకు, మాంగనీసు కావాలి, రెండోదానికి ఇనుము కావాలి. అన్నీ మట్టిలోంచి మల్బరీకి, మల్బరీలోంచి పురుగుకు వచ్చేవే. ఖర్చు పెరిగిన వేళకే రాబడి ఆగిపోయింది. కప్పు కింద ఉన్నా ఎండ దెబ్బ తగలడంలో ఇదొక భాగం.

చాకీ పురుగులకు, అంటే మొదటి రెండు దశల పిల్లలకు, 27, 28 డిగ్రీలు ఇస్తారు. పెద్దవాటికి తగ్గిస్తారు. వింతగా ఉంది కదా? పెద్ద పురుగుల పడకలో మిగిలిన ఆకూ పెంటా మగ్గి వేడెక్కుతాయి, వేల పురుగుల ఊపిరి దానికి తోడు. తేమ కూడా అంతే, పిల్లలకు నూటికి 85 నుంచి 90, అయిదో దశకు 65 నుంచి 70 చాలు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎండగా ఉందని కిటికీలకు తడి గోనెలు కట్టి, తలుపులన్నీ మూసేస్తారు. వేడి రెండు డిగ్రీలు తగ్గుతుంది గానీ లోపల ఉక్క, అమోనియా వాసన మిగులుతాయి. సున్నపుకట్టు రోగానికి, అంటే చచ్చిన పురుగు సున్నపుకడ్డీలా తెల్లగా గట్టిపడే బూజు రోగానికి, తేమే కావాలి. గోనె తడిగా ఉండాలి, గాలి దాని గుండా ఆడాలి, రెండూ కావాలి. పైకప్పు మీద కొబ్బరాకులు పరిచి నీళ్లు చల్లడం ఇంకా మేలు. 100 గుడ్ల (రైతుల లెక్కలో గుడ్డు అంటే ఒక తల్లి పెట్టిన గుడ్ల మొత్తం) పురుగులకు అయిదో దశలో 600 నుంచి 700 చదరపు అడుగుల పడక ఉండాలి. చోటు మిగిల్చామని ఇరికిస్తే వేడీ మిగులుతుంది.

మా చిన్నప్పుడు ఇప్పటి కొమ్మల మేపు, నేత్రికలు (పురుగులు గూళ్లు కట్టే ప్లాస్టిక్ చట్రాలు) లేవు. వెదురు తట్టలకు పేడ అలికి, ఆకు తరిగి వేసేవారు. థర్మామీటరు ఉన్న ఇల్లు అరుదు. పెద్దవాళ్లు ముంజేతి మీద పురుగును పెట్టి చూసేవారు. చల్లగా, బిగువుగా తగిలితే బాగున్నట్టు, వెచ్చగా, మెత్తగా ఉంటే తలుపు తీయమనేవారు. ఎంజైము పేరు ఒక్కటీ తెలియకుండానే సగం వైద్యం చేసేవారు.

ఆకు సంగతి కూడా చెప్పాలి. పురుగు నీళ్లు తాగదు, నీరంతా ఆకులోదే. విటమిన్ సి కూడా ఆకులోదే. అది లేకపోతే పురుగు సరిగా ఎదగదు, అందుకే మల్బరీ ఆకుకు బదులు పెట్టే కృత్రిమ మేతలో దాన్ని విడిగా కలుపుతారు. ఇది ఇంకొక కాపలాదారు. కోసిన ఆకు ఎండలో పడుంటే నీరూ పోతుంది, ఈ విటమినూ పోతుంది. అందుకని తెల్లవారుజామున కోసి, తడి గోనె కప్పి చీకట్లో ఉంచాలి. ఆకు మీద చల్లితే పురుగు గట్టిపడుతుందని సీసాలు అమ్మేవాళ్లు వస్తారు. వాడిపోయిన ఆకు పెట్టి, దాని మీద సీసా మందు చల్లడం నాకు నచ్చదు. పైగా విటమిన్ సి మోతాదు మించి, విడి ఇనుముతో కలిస్తే రవ్వలను ఆర్పదు, పుట్టిస్తుంది.

మదనపల్లె వైపు మల్బరీ పక్కనే టమాటా ఉంటుంది. టమాటాకు కొట్టిన మందు గాలికి ఆకు మీద పడితే పురుగుకు రెండు దెబ్బలు. ఒకటి విషం, అది మీకు తెలుసు. రెండోది, గ్లూటాథయోన్ అనే కాపలాదారు విషాన్ని పట్టి బయటికి ఈడ్చడానికి పోతాడు, ఇక్కడ రవ్వలను చూసేవాడు తక్కువవుతాడు. చచ్చిపోని పురుగులు కూడా పల్చని గూళ్లు కట్టడానికి ఇదొక కారణం. అందుకే పక్క పొలం వాళ్లతో మంచిగా ఉండి, మందు కొట్టే రోజు ముందే అడిగి తెలుసుకోవాలి. ఇది సైన్సు కాదనుకోండి, అయినా రాస్తున్నాను.

పురుగు తెల్లగా ఎందుకుంటుందో అడగలేదేం? దాని చర్మం కింద యూరిక్ ఆమ్లపు రేణువులు పేరుకుని ఉంటాయి. మనకు ఎక్కువైతే కీళ్ల నొప్పులు తెచ్చే పదార్థమే, దానికి తెల్లని చొక్కా అయింది. ఆ రేణువులు నిలవని ఒక రకం పురుగులు నూనె కాగితంలా ఉంటాయి, లోపలిదంతా కనిపిస్తుంది. యూరిక్ ఆమ్లానికి రవ్వలను పట్టే గుణం కూడా ఉంది. అలాగే మైసూరు దేశీ రకంతో కలిపిన పురుగుల పసుపు గూళ్లు చూడండి. ఆ పసుపు మల్బరీ ఆకులోది. పేగు దాటి, రక్తంలో ఈది, పట్టు గ్రంథిలోకి చేరి, సెరిసిన్ అనే జిగురులో కూర్చుంటుంది. గూడు ఉడికించి జిగురు తీసేస్తే రంగూ చాలా మటుకు పోతుంది. ఆకు రంగు దారం దాకా అలా నడిచి రావడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇక ఆ గూటి లోపల పురుగు ఒళ్లు చాలావరకు కరిగి రెక్కల పురుగుగా మళ్లీ కట్టుకునేటప్పుడు ఈ కాపలా అంతా ఎలా సర్దుకుంటుందో ఉత్తరంలో ఇమడదు.

మీరు చేయవలసినవి రెండున్నాయి. మామయ్య షెడ్డులో అయిదో దశ పురుగును పక్కకు తిప్పి, భూతద్దంతో చూడండి. ఒక్కో వైపు తొమ్మిది నల్ల చుక్కలు ఉంటాయి. అవి ముక్కులు. వాటి నుంచి సన్న గొట్టాలు నేరుగా కణాల దాకా గాలి తీసుకుపోతాయి. మనలా రక్తం మోసుకుపోదు. పొయ్యికి గాలి ఎంత దగ్గరో దాన్ని బట్టి తెలుస్తుంది.

రెండోది ఇంట్లో, అమ్మ పక్కన ఉన్నప్పుడే. మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ చిన్న సీసా తెచ్చి, పచ్చి బంగాళాదుంప ముక్క మీద నాలుగు చుక్కలు వేయండి. తెల్లగా నురగ పొంగుతుంది. అది దుంపలోని కేటలేజ్ చేసే పని. ఇంకో ముక్కను బాగా ఉడికించి, చల్లార్చి, దాని మీదా వేసి చూడండి. షెడ్డులో పురుగు అంత వేడి ఎన్నడూ చూడదు లెండి, అయినా ఏం తేడా వచ్చిందో నాకు రాయండి. చుక్కలు కంట్లో పడకూడదు, సీసా అమ్మకే ఇచ్చేయండి. తర్వాత ఒక మల్బరీ ఆకు నలిపి, దాని మీద కూడా వేయండి.

మీ తాత