తలంబ్రాల ఫొటోలో నాయిజ్ ఎందుకొస్తుంది?

తెలుగువాళ్ల పెళ్లిళ్లలో ముహూర్తం చాలాసార్లు అర్ధరాత్రో తెల్లవారుజామునో పడుతుంది. మండపంలో ఉండేది పసుపు బల్బులు, పూల మధ్య ఎల్ఈడీలు, వీడియో తీసేవాళ్ల లైటు, అంతే. అప్పుడు తీసిన ఫొటోను పెద్దది చేసి చూస్తే పూలజడ నీడల్లో, పంచె మడతల్లో ఇసుక చల్లినట్టు రంగురంగుల చుక్కలు కనిపిస్తాయి. ఇదే నాయిజ్. ఐఎస్ఓ (ఫొటో ఎంత వెలుగుగా రావాలో కెమెరాకు చెప్పే అంకె) పెంచడం వల్లే వచ్చిందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం కెమెరాలో కాంతిని పట్టే సెన్సరుకు చాలినంత వెలుతురు అందకపోవడం.

కాంతి ఫోటాన్లు అనే చిన్న కణాలుగా వస్తుంది, అవి ఒక క్రమం లేకుండా వచ్చి పడతాయి. ఒక పిక్సెల్‌కు సగటున 10,000 ఫోటాన్లు దొరికితే ఆ లెక్కలో సహజంగా ఉండే హెచ్చుతగ్గు దాని వర్గమూలం, అంటే 100. ఇది ఒక శాతమే కాబట్టి కంటికి ఆనదు. అదే 100 ఫోటాన్లు మాత్రమే దొరికితే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. దీన్ని షాట్ నాయిజ్ అంటారు. ఇది కాంతి స్వభావం, ఎంత ఖరీదైన కెమెరా అయినా దీన్ని తప్పించలేదు. ఒకే ఫొటోలో మొహం బాగుండి, వెనక నీడ మాత్రం చుక్కలు చుక్కలుగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

సెన్సరు పోగుచేసిన విద్యుదావేశాన్ని చదివి అంకెలుగా మార్చేటప్పుడు కెమెరాలోని సర్క్యూట్లు మరికొంత నాయిజ్ కలుపుతాయి. అది రీడ్ నాయిజ్. ఐఎస్ఓ పెంచితే సెన్సరు అదనంగా ఒక్క ఫోటాన్‌నూ పట్టుకోదు. పట్టుకున్న సంకేతాన్ని, చాలా కెమెరాల్లో, అంకెలుగా మార్చకముందే పెద్దది చేస్తుంది. దాంతో ఆ తర్వాతి దశలో కలిసే నాయిజ్ సంకేతం ముందు చిన్నదైపోతుంది. అందుకే షట్టర్ స్పీడ్ (సెన్సరుకు వెలుతురు అందే సమయం), ఎపర్చర్ (లెన్సు రంధ్రం) మార్చకుండా ఐఎస్ఓ 6400లో తీసిన రా ఫైలు (కెమెరా దిద్దని ముడి ఫైలు), 400లో తీసి కంప్యూటర్లో నాలుగు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) పెంచిన ఫైలు కంటే శుభ్రంగానైనా ఉంటుంది, లేదా దానితో సమానంగానైనా ఉంటుంది. పాత కెమెరాల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది, కొత్తవాటిలో తక్కువ. కొన్ని సెన్సర్లు ఒక ఐఎస్ఓ అంకె దగ్గర గెయిన్ (సంకేతాన్ని పెద్దది చేసే) పద్ధతినే మార్చుకుంటాయి. సోనీ ఏ7 3లో ఆ మార్పు 640 దగ్గర జరుగుతుంది, కాబట్టి నీడల్లో 500 కంటే 640 మెరుగు.

కాబట్టి ముందు ఎంచుకోవలసినవి షట్టర్ స్పీడ్, ఎపర్చర్. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరులు పెద్దగా కదలరు. 1/125 సెకను షట్టర్, ఎఫ్/2.8 ఎపర్చర్ పెడితే మామూలు మండపం వెలుతురులో ఐఎస్ఓ 1600 దగ్గర సరిపోతుంది. తలంబ్రాలకు అది చాలదు. చేతులు వేగంగా ఆడతాయి, బియ్యపు గింజలు గాల్లో ఉంటాయి. 1/500 కావాలి, అంటే ఐఎస్ఓ 6400. అంత పెంచడానికి జంకి 1/125లోనే తీస్తే చేతులు చెదిరిపోతాయి. నాయిజ్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన చేతిని బాగుచేయడం దాదాపు అసాధ్యం. రంధ్రం ఇంకా పెద్దదైన ఎఫ్/1.8 లెన్సు ఉంటే ఐఎస్ఓ 2500 చాలు. అయితే దగ్గరనుంచి తీసినప్పుడు ఇద్దరిలో ఒకరి కళ్లు ఫోకస్ తప్పే ప్రమాదం ఉంది. కెమెరాయే ఐఎస్ఓ ఎంచుకునే ఆటో ఐఎస్ఓలో కనీస షట్టర్ 1/500, పై హద్దు 12800 అని పెట్టుకుంటే హడావుడిలో చేతికి పని తగ్గుతుంది.

పెంచడానికీ హద్దుంది. ఐఎస్ఓ రెట్టింపు చేసిన ప్రతిసారీ తెలుపు వైపు ఒక స్టాపు నష్టపోతాం. మధుపర్కాల తెలుపు, వడ్డాణం మెరుపు ఒకసారి పూర్తిగా తెల్లబోతే రా ఫైలులోనూ తిరిగి రావు. తెల్లబోయిన చోట్లను తెర మీద మెరిపించి చూపే హైలైట్ హెచ్చరిక ఆన్ చేసుకుని, బల్బులు మెరిసినా వదిలేసి, బట్టలు మెరిస్తే మాత్రం ఐఎస్ఓ తగ్గించాలి. దీనికి ఎదురు ప్రమాదమూ ఉంది. ఫ్రేము నిండా తెల్లబట్టలు గానీ వెనక ఎల్ఈడీ గోడ గానీ ఉంటే, కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి ఫొటోను చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ముప్పావు స్టాపు దాకా పెంచి తీయకపోతే, తర్వాత మొహాలను లేపినప్పుడు నాయిజ్ కూడా లేస్తుంది. ఐఎస్ఓ పట్టీ చివర హెచ్ గుర్తుతో ఉండే అంకెలు సాధారణంగా ఉత్త గుణకారమే. రా తీసేవాళ్లకు వాటితో పనిలేదు.

పసుపు బల్బుల కింద ఇంకో చిక్కు. ఆ కాంతిలో నీలం చాలా తక్కువ. తెలుపు తెల్లగానే కనిపించేలా వైట్ బ్యాలెన్స్ సరిచేసేటప్పుడు నీలం చానల్‌ను బాగా హెచ్చించాలి, దానిలోని నాయిజ్ కూడా అంతే హెచ్చుతుంది. తెల్లని సీలింగ్ ఉంటే ఫ్లాష్‌ను దానికేసి కొట్టడం మంచి విరుగుడు. రంగు షామియానా అయితే ఆ రంగే మొహాల మీదికి దిగుతుంది.

ఫొటోలో అడ్డచారలు కనిపిస్తే అది వేరే సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/500లో, అందులోనూ ఎలక్ట్రానిక్ షట్టర్‌తో, ఆ మినుకు చారలుగా పడుతుంది. నాయిజ్ తగ్గించే ఏ డీనాయిజ్ సాఫ్ట్‌వేరూ దీనికి మందు కాదు. మెకానికల్ షట్టర్, యాంటీ ఫ్లికర్ మోడ్ వాడాలి. కదలిక లేనప్పుడు 1/100 లేదా 1/50కి దిగాలి.

ఎడిటింగ్‌లో ముందు రంగుచుక్కలను తగ్గించాలి, దానివల్ల వివరం పెద్దగా పోదు. వెలుగు నాయిజ్‌ను (రంగు లేని, వెలుగులో మాత్రమే తేడా ఉన్న చుక్కలను) కొద్దిగానే తగ్గించాలి. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన డీనాయిజ్ వంటివి చాలా బాగా పనిచేస్తాయి. మోతాదు మించితే మాత్రం చర్మం ప్లాస్టిక్‌లా మారి, జరీ నేత అలుక్కుపోతుంది. 24 మెగాపిక్సెల్ ఫొటోను 6కు కుదిస్తే నాలుగేసి పిక్సెళ్ల సగటు ఒక పిక్సెల్ అవుతుంది, నాయిజ్ సగమవుతుంది. వాట్సాప్‌లో పంపే ఫొటోకు అంత శుభ్రం చేయనక్కర్లేదు.

ఫోన్లు ఈ సగటు లెక్కనే మరోలా వాడతాయి. వెంటవెంటనే తీసిన 16 ఫ్రేములు కలిపితే నాయిజ్ నాలుగో వంతుకు పడిపోతుంది. కదలని మండపానికి అది బాగా పనికొస్తుంది, ఎగిరే తలంబ్రాలకు కాదు.

మీ కెమెరా గుణం తెలియాలంటే ట్రైపాడ్ మీద పెట్టి, షట్టర్, ఎపర్చర్ కదపకుండా 400, 800, 1600, 3200, 6400 అంకెల్లో రా తీయండి. 6400లో వెలుగు సరిపోయేలా సెట్టింగ్ ఉండాలి. మిగతావాటిని కంప్యూటర్లో అదే వెలుగుకు పెంచి నీడలను పోల్చండి. ఏ అంకె తర్వాత తేడా కనిపించడం మానేస్తుందో, అక్కడినుంచి ఐఎస్ఓ పెంచినా నీడలకు లాభం లేదు, తెలుపులు మాత్రం పోతాయి.