ఉద్యోగం మారితే లోను వాయిదా దానంతట అదే కట్ కాదు: ఎడ్యుకేషన్ లోను అపోహలు - వాస్తవాలు

"మావాడి జీతంలోంచి నెలనెలా కట్ అవుతోంది కదండీ, మరి ఈ నోటీసేంటి?" టెక్కలి నుంచో రాజాం నుంచో బస్సెక్కి బ్రాంచికి వచ్చే తండ్రులు అడిగేది ఇదే. ఆరా తీస్తే కొడుకు బెంగళూరులోనో హైదరాబాదులోనో కంపెనీ మారి ఉంటాడు.

అపోహ: వాయిదా జీతానికి ముడిపడి ఉంటుంది.

కాదు. ప్రైవేటు ఉద్యోగాల్లో సాధారణంగా కంపెనీ ఏమీ కట్ చేయదు. జీతం పడ్డాక నాచ్ మాండేట్ (నెలనెలా ఖాతాలోంచి వాయిదా తీసుకోమని మీరు రాసిచ్చే అనుమతి) ద్వారా ఖాతాలోంచి వాయిదా పోతుంది. ఆ మాండేట్ ఒక్క ఖాతా నంబరుకే చెల్లుతుంది. కొత్త కంపెనీ వేరే బ్యాంకులో ఖాతా తెరిపిస్తే జీతం అక్కడ పడుతుంది, మాండేట్ పాత ఖాతాకే వెళ్తుంది. నాచ్‌లో ఉన్నకాడికి తీసుకోవడం ఉండదు. వాయిదా 9,200 అయి ఖాతాలో 9,150 ఉంటే మొత్తం బౌన్సే. రెండు బ్యాంకులూ ఛార్జీ వేస్తాయి, పైన జీఎస్టీ. జీతం ఆగిన ఖాతా కొన్నాళ్లకు మామూలు సేవింగ్స్ అవుతుంది. కొన్ని బ్యాంకుల్లో అప్పుడు మినిమం బ్యాలెన్స్ లేదని కోసే సొమ్ముతోనే ఈ లోటు వస్తుంది.

లోనులో కో-అప్లికెంట్ (సహ దరఖాస్తుదారు) కాబట్టి తండ్రి సిబిల్ (అప్పుల చెల్లింపు రికార్డు)లోనూ ఆ ఆలస్యం ఎక్కుతుంది. ఆయనకది తెలిసేది ఖరీఫ్ ముందు పంట రుణానికి వెళ్లినప్పుడు. ఏ తప్పూ చేయని మనిషి అక్కడ తలదించుకోవాల్సి వస్తోంది.

కొత్త ఖాతా రాగానే లోనిచ్చిన బ్రాంచికి చెప్పి కొత్త మాండేట్ ఇవ్వండి. నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు లేదా ఆధార్‌తో ఈ-మాండేట్ (ఆన్‌లైన్‌లో ఇచ్చే మాండేట్) అయితే త్వరగా అవుతుంది. కాగితం ఫారం సంతకం తేడాతో తిరిగిరావచ్చు. మాండేట్ రిజిస్టరై, కొత్త ఖాతాలోంచి మొదటి వాయిదా పోయి, లోను స్టేట్‌మెంటులో జమ కనిపించేదాకా పాత ఖాతాలో వాయిదా సొమ్ము ఉంచండి. ఆ తర్వాతే పాత మాండేట్ రద్దు, ఆఖరున పాత ఖాతా మూసివేత. ఈ వరుస తిరగేస్తే బౌన్స్ తప్పదు.

ప్రభుత్వోద్యోగులు డీడీఓకు (జీతాల బిల్లు పెట్టే అధికారికి) లెటరిచ్చి జీతంలో కోత పెట్టించుకున్నా, బదిలీ అయితే కొత్త డీడీఓ దగ్గర మళ్లీ చూసుకోవాలి. పే స్లిప్పులో కోత కనిపిస్తే చాలదు, లోను ఖాతాలో జమ పడాలి.

అపోహ: ఆదివారం కాబట్టి సోమవారం కట్ అవుతుంది. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ సెలవుల్లోనూ నడుస్తోంది. ముందురోజు రాత్రికే డబ్బు ఉండాలి.

అపోహ: మాండేట్‌లో 20,000 రాశారు, అంతా లాగేస్తారు. అది గరిష్ఠ పరిమితి. వడ్డీ పెరిగి వాయిదా పెరిగినా సరిపోవాలని పెడతారు.

అపోహ: మారటోరియంలో (చదువు సాగే కాలంలో, ఆ తర్వాత కొన్నాళ్లు వాయిదా కట్టక్కర్లేని గడువులో) వడ్డీ ఉండదు. ఉంటుంది. ప్రభుత్వ వడ్డీ సబ్సిడీకి అర్హులు కాకపోతే అది మీరే కట్టాలి.

అపోహ: ఒక్క బౌన్స్‌కే ఇల్లు వేలం. ఈ పుకారుతో నిద్ర మానుకునే తల్లులున్నారు. వాయిదా తప్పి 90 రోజులు దాటితేనే లోను ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. బౌన్స్ మెసేజ్ వచ్చిన రోజే లోను ఖాతా నంబరుకు నేరుగా డబ్బు పంపి, రసీదు నంబరుతో బ్రాంచికి రాతపూర్వకంగా తెలపండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే బ్యాంకుకు ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు, వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయండి.