ఫీల్డ్‌వర్క్‌లో పునరాలోచన: అపోహలు – వాస్తవాలు

ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థుల ఫీల్డ్‌వర్క్‌ను పర్యవేక్షించే నాకు, పునరాలోచన గురించి, అంటే తాము చేసే పనిని తామే పరిశీలించుకోవడం గురించి, ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: క్షేత్రంలో తిరిగితే చాలు, నేర్చుకోవడం దానంతట అదే జరుగుతుంది.

వాస్తవం: పరిశీలించుకోకపోతే, ఏళ్ల తరబడి చేసిన ఒకే పొరపాటు కూడా అనుభవంగానే చెలామణి అవుతుంది. బడి మానేసిన బాలిక ఇంటికి వెళ్లి వచ్చిన ఒక విద్యార్థిని తన రిపోర్టులో ‘తల్లికి కూతురి చదువుపై ఆసక్తి లేదు’ అని రాసింది. ఏం చూసి అలా రాశావమ్మా అని అడిగితే, మాట్లాడినంతసేపూ ఆ తల్లి తల ఎత్తలేదని చెప్పింది. ఆమె చేతుల్లో ఏముందని అడిగాను. ఒళ్లో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, పక్కన కట్టలు కట్టిన బీడీలు. కూలీ వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కనుక, తల ఎత్తిన ప్రతి నిమిషమూ ఆ లెక్కలో తరుగే. రెండోసారి వెళ్లినప్పుడు విద్యార్థిని పక్కనే కూర్చుని, పని ఆగకుండా మాట కలిపింది. ఆకు కత్తిరించడానికి మరో మనిషి లేకనే బాలికను బడి మాన్పించారని అప్పుడు తెలిసింది.

అపోహ: పునరాలోచన అంటే డైరీలో తప్పులు ఒప్పుకోవడం.

వాస్తవం: పని చేస్తూ ఆలోచించడం, పని ముగిశాక ఆలోచించడం వేరువేరని అమెరికన్ తత్వవేత్త డొనాల్డ్ షాన్ 1983లోనే వివరించారు. మొదటిది డైరీకి అందదు, ఎదుటి మనిషి ముందే జరగాలి. అందుకే చూసింది, విన్నది, ఊహించింది విడివిడిగా రాయడం మొదటి నెలలోనే అలవాటు చేయిస్తాను. తప్పు బయటపెట్టినందుకు మార్కులు తగ్గిస్తే మాత్రం, తరువాతి రిపోర్టు నుంచి ఏ విద్యార్థీ తన తప్పును బయటికి రాయడు.

అపోహ: పని ఒత్తిడిలో దీనికి సమయం ఉండదు.

వాస్తవం: 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి, సామాజిక దర్యాప్తును, అంటే బిడ్డ కుటుంబ పరిస్థితులపై విచారణను, 15 రోజుల్లో పూర్తి చేయాలి. బిడ్డ ఎక్కడ పెరగాలన్న నిర్ణయానికి ఆధారమయ్యే ఆ దర్యాప్తు నివేదికలో తొందరపాటు వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. నిజానికి సమయం కేటాయించనిది చాలాసార్లు సూపర్‌వైజర్లమే. వారానికొకసారి జరగవలసిన ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్ (సూపర్‌వైజర్ ఒక్కో విద్యార్థితో విడిగా కూర్చుని మాట్లాడడం), రిపోర్టు మీద సంతకంతో ముగిసిపోవడం నన్ను బాధిస్తుంది.

అపోహ: ఉద్యోగంలో చేరాక పై అధికారే నేర్పిస్తారు.

వాస్తవం: చాలాచోట్ల ఆయన అడిగేది నెలవారీ లెక్కలే. అందువల్ల చివరి సెమిస్టర్‌లో నేను గదిలో లేకుండా, విద్యార్థులే ఒకరి కేసును ఒకరు ప్రశ్నించుకునేలా కూర్చోబెడుతున్నాను.