వంద మిలియన్ల ఆటగాడు, ఏడాదికెంత?

క్లబ్బులు ఆటగాళ్లను కొనే ట్రాన్స్‌ఫర్ గడువు ముగిసే రాత్రుల్లో విజయవాడ హాస్టళ్లలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ అభిమానులు వాదించుకునేది ఒకటే: ఇన్ని కోట్లు ఆ క్లబ్బుకు ఎక్కడివి? ఐపీఎల్ వేలం చూసిన కళ్లకు ఇది తికమకే. వేలంలో పలికిన ధర ఆటగాడి జీతం. ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్ ఫీజు పాత క్లబ్బుకు పోతుంది, జీతం దానికి అదనం.

19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఆటగాడి రిజిస్ట్రేషన్, అంటే అతన్ని ఆడించుకునే హక్కు, క్లబ్బు చేతిలో ఉండేది. కాంట్రాక్టు అయిపోయినా క్లబ్బు వదిలితేనే ఇంకోచోట ఆడాలి. 1905లో ఆల్ఫ్ కామన్ అనే ఆటగాడి కోసం మిడిల్స్‌బ్రో క్లబ్బు వెయ్యి పౌండ్లు ఇస్తే పెద్ద దుమారమే రేగింది. 1963లో ఆటగాడు జార్జ్ ఈస్ట్‌హామ్ కేసు ఈ పట్టును కాస్త సడలించింది. అసలు దెబ్బ 1995 డిసెంబరులో, బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసులో యూరోపియన్ కోర్టు ఇచ్చిన తీర్పుతో పడింది: కాంట్రాక్టు ముగిశాక యూరోపియన్ యూనియన్ ఆటగాడు ఆ యూనియన్‌లోనే మరో దేశం క్లబ్బుకు వెళ్తే ఫీజు అడగకూడదు. అంటే ఇక కొనేది మిగిలిన కాంట్రాక్టు కాలాన్నే.

అందుకే పద్దుల్లో ఆ ఫీజును కాంట్రాక్టు ఏళ్లకు పంచి ఖర్చు రాస్తారు. దీన్నే అమార్టైజేషన్ అంటారు. క్లబ్బు సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధర లేదు కాబట్టి, అమ్మితే వచ్చిందంతా ఆ ఏడాది లాభమే. సొంత పిల్లల్ని క్లబ్బులు ఎందుకు అమ్ముతాయో ఇక్కడ తెలిసిపోతుంది.

చేతులు మారే డబ్బు కథ వేరు. సాధారణంగా వాయిదాల్లో ఇస్తారు. గోల్స్, ట్రోఫీలు వస్తే అదనం. నగదు అత్యవసరమైన క్లబ్బు, రావాల్సిన వాయిదాలను బ్యాంకుకు అప్పగించి, కొంత తగ్గించుకుని ముందే తెచ్చుకుంటుంది. వన్‌టౌన్ హోల్‌సేల్ వ్యాపారి పోస్ట్‌డేటెడ్ చెక్కును డిస్కౌంట్‌కు మార్చుకున్నట్టే. 2017లో నెయ్‌మార్ కోసం 22.2 కోట్ల యూరోల రిలీజ్ క్లాజ్‌ను (కాంట్రాక్టు మధ్యలో విడిపించుకోవడానికి ముందే రాసుకున్న మొత్తం) పారిస్ క్లబ్బు పీఎస్‌జీ ఒకేసారి కట్టడం అరుదైన సంగతి.

ఈ పద్దుల వెసులుబాటును లండన్ క్లబ్బు చెల్సీ సాగదీసినంత సాగదీసింది. 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌ను దాదాపు 10.7 కోట్ల పౌండ్లకు తీసుకుని ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఏడాది ఖర్చు సుమారు 1.26 కోట్లు, ఐదేళ్లకైతే 2.14 కోట్లు పడేది. తెలివే, కాదనను. కానీ ఆటగాడు మూడో ఏటికే ఫామ్ పోగొట్టుకుంటే ఆ భారం దించుకోవడం కష్టం. అదే ఏడాది యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఫా, డిసెంబరులో ప్రీమియర్ లీగ్ ఈ పంపకానికి ఐదేళ్ల పరిమితి పెట్టాయి. కాంట్రాక్టు ఎంత పొడవైనా ఉండొచ్చు, లెక్క మాత్రం ఐదేళ్లే. అప్పటికే చేసిన సంతకాలకు ఇది వర్తించలేదు.