చిత్రిక పట్టే ముందు సందు చూడండి

తలుపు పట్టేసిందంటే ఇంట్లో మొదట వినిపించే మాట, "చెక్క ఉబ్బింది, కాస్త చిత్రిక పట్టిస్తే సరిపోతుంది." దానితో పని కాకపోతే రెండో మాట, "పాతదైపోయింది, మార్చేద్దాం." చాలాసార్లు ఈ రెండింటి అవసరమూ ఉండదు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక వానాకాలంలో తలుపు అంచు చెక్కించేశాను. ఎండలు ముదిరాక అక్కడ మిగిలిన సందులోంచి పక్కగది లైటు నేరుగా నా మంచం మీద పడేది.

తలుపు మూసి, రెక్కకీ ద్వారబంధానికీ మధ్య సందు ఎలా ఉందో చూడండి. మామూలుగా అది రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది, పైనుంచి కిందిదాకా ఒకేలా. గడియ వైపు పై మూల రాసుకుంటూ, బందుల (కీళ్ల) వైపు పైభాగంలో సందు పెరిగి కనిపిస్తే రెక్క ఉబ్బలేదు, వాలింది. గడియ వైపు అంచు పొడవునా బిగిసిపోయి, ఎండాకాలం రాగానే దానంతటదే వదులైతే అది ఉబ్బు. ఇంకా అనుమానముంటే తలుపు సగం తెరిచి, పిడి పట్టుకుని పైకెత్తండి. పై బందు దగ్గర కదలిక కనిపిస్తే స్క్రూలు వదులైనట్టే.

పై బందే ఎందుకు వదులవుతుంది? చిన్న లెక్క చేద్దాం. రెక్క బరువు 30 కిలోలు, వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకోండి. బరువంతా నడిమధ్యన, అంటే బందులకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. పై బందుకీ కింది బందుకీ మధ్య దూరం 150 సెంటీమీటర్లు. 30ని 45తో గుణించి 150తో భాగిస్తే 9 వస్తుంది. అంటే తలుపు తెరిచినా మూసినా, రాత్రీ పగలూ, పై బందును 9 కిలోల బలం బయటికి లాగుతూనే ఉంటుంది. కింది బందును అంతే బలం లోపలికి నొక్కుతుంది కాబట్టి దానికి పెద్ద ఇబ్బంది లేదు. ఇక 20 కిలోల పిల్లవాడు పిడి పట్టుకుని వేలాడుతూ ఊగితే? బందుల నుంచి పిడి దాకా దూరం 80 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ ఒక్కడే ఇంకో పది కిలోల పైన కలుపుతాడు. తలుపు సొంత బరువు లాగేదానికంటే ఎక్కువ! పై బందు రెండు మిల్లీమీటర్లు జారితే చాలు, గడియ వైపు పై మూల అంతకంటే కాస్త ఎక్కువే ముందుకొచ్చి సందును మింగేస్తుంది.

రెక్క కింద చెక్క ముక్క దూర్చి బరువు ఆపాక, వదులైన స్క్రూ తీసి చూడండి. రంధ్రంలో చెక్క నలిగి పొడి అయిపోయి ఉంటుంది. అదే స్క్రూను ఎంత తిప్పినా పట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. కలప జిగురు రాసిన సన్నటి పుల్లలు అందులో బిగుతుగా కూరి, ఒక రోజు ఆరనిచ్చి, పైకొచ్చిన కొసలు కోసేసి, మళ్లీ సన్నగా రంధ్రం చేసి బిగించాలి. వీలైతే ఒక్క స్క్రూనైనా పాతదానికంటే పొడవైనది వేయండి, లోపలి గట్టి చెక్కను అందుకుంటుంది. బందులు గట్టిగానే ఉండి మూల ఇంకా కొద్దిగా తగులుతుంటే, కింది బందు వెనక పలుచటి అట్టముక్క పెట్టి చూడండి. రెక్క అడుగు ముందుకు జరిగి, గడియ వైపు కాస్త లేస్తుంది.

నిజంగానే ఉబ్బిన తలుపు సంగతి వేరు. కలప పోగుల్లోని సెల్యులోజ్ గాలిలోని తేమను పీల్చుకుని లావెక్కుతుంది. వింతేమిటంటే కలప పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగానే పెరుగుతుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు చెక్కలో నీరు 6 శాతం దాకా ఉంటే, గాలి తేమ 80కి చేరేసరికి అది 16 అవుతుంది. ఆ తేడాకి చాలా రకాల కలప అడ్డంగా రెండు శాతం దాకా ఉబ్బగలదు. ఒకే వెడల్పు పలకతో చేసిన 90 సెంటీమీటర్ల తలుపైతే 18 మిల్లీమీటర్లు! పాతకాలం వడ్రంగులు దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టారు. అటూ ఇటూ సన్నటి నిలువు చెక్క కమ్మీలు, మధ్యలో గాడిలో జిగురు లేకుండా వదిలేసిన పలక. పలక తన గాడిలో ఎంత ఉబ్బినా బయటికి తెలియదు. పది సెంటీమీటర్ల కమ్మీలు రెండూ కలిసి పెరిగేది నాలుగు మిల్లీమీటర్లే. అందుకే ఆ పలకల చుట్టూ ఉన్న సన్నటి సందును రంగుతోనో లప్పంతోనో బిగించేయడం మంచి పని కాదు.

ఉబ్బిన తలుపును ఉబ్బి ఉండగా చెక్కకండి. ద్వారబంధానికి సుద్ద పూసి తలుపు వేసి తీస్తే ఎక్కడ తగులుతోందో రెక్క మీద అంటుకుని కనిపిస్తుంది. ఆ చోట ఇసుక కాగితంతో కొద్దిగా రుద్ది మైనం రాస్తే ఆ కాలం గడిచిపోతుంది. తర్వాత ఎండగా ఉన్న రోజుల్లో రంగు వేయండి. రంగు తేమను పూర్తిగా ఆపదు, లోపలికి పోయే వేగాన్ని తగ్గిస్తుంది. రెక్క కింద చిన్న అద్దం పెట్టి అడుగు అంచు చూడండి. చాలా ఇళ్లలో అక్కడ రంగు వేయని చెక్కే కనిపిస్తుంది. కమ్మీల కోసిన కొసలు తేలేది అక్కడే, ఆ కొసల్లోని సన్నటి గొట్టాలు తడిని అన్నిటికంటే వేగంగా పీలుస్తాయి. ఎవరికీ కనిపించని ఆ అంచుకే రంగు ఎక్కువ అవసరం.

చెదలు లోపలంతా తినేస్తేనో, ఫ్లష్ డోరు పొరలు నీటికి విడిపోతేనో కొత్త తలుపు తెచ్చుకోవలసిందే. నా తలుపుకి ఆ గతి పట్టలేదు. చెక్కించిన అంచుకి సన్నటి చెక్కపట్టీ అతికించాక పక్కగది లైటు ఆగింది. కిర్రుమనే చప్పుడు మిగిలింది. బందు పిన్ను సాఫీగా జారకుండా, కాసేపు పట్టుకుని కాసేపు వదులుతూ వణకడం వల్ల వచ్చే శబ్దం అది. ఫిడేలు తీగ మీద కమాను చేసే పని కూడా ఇదే. పిన్ను బయటికి తీసి, తుప్పు గీకి, కొవ్వొత్తితో రుద్ది మళ్లీ దించాను.